బాబు కన్ను ఉన్నట్టుండి ముక్కు వైపు తిరిగింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా చండూరు దగ్గర ఊరు. బత్తాయి తోట ఉంది. మా బాబుకు 14 ఏండ్లు. గురుకులంల తొమ్మిదో తరగతి అయిపోయి సెలవులకు ఇంటికొచ్చిండు. మూడు వారాల కింద పొద్దున బస్టాండు కాడ నిలబడి ‘అమ్మా, బస్సులు రెండు కనబడుతున్నయ్’ అన్నడు. చూస్తే ఎడమ కన్ను ముక్కు దిక్కు తిరిగి ఉంది. అంతకుముందు ఎన్నడూ లేదు. జ్వరం లేదు, దెబ్బ తాకలేదు. చేతిల ఫోన్ ఒకటే కనబడుతదట, దూరంవే రెండైతున్నయట. సెలవుల్ల పొద్దస్తమానం ఫోనే. ఊళ్లె ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని బిళ్లలిచ్చిండు. మా అత్తమ్మ మెల్లకన్ను అదృష్టమంటది. మా ఆయన ఫ్లోరైడ్ నీళ్లతోనే అంటడు. తలకు స్కానింగ్ తీస్తరంటే భయమైతుంది. ఆపరేషన్ చేస్తే చూపు పోతదని కూడా అంటున్నరు. ఏం చేయాలె? ఇంకొకటి, మా ఆడబిడ్డ కూతురు రెండేండ్లది. దానికి గూడ అన్నం తినేటప్పుడు కన్ను లోపలికి పోతది. పెద్దయితే అదే పోతదంటున్నరు, నిజమేనా?

సమాధానం: అమ్మా, మూడు వారాలు గడిచిపోయాయి. ఇంకో వారం గడవనివ్వకండి. ఈ వారంలోనే బాబును కంటి డాక్టరుకు చూపించండి. కళ్లజోళ్ల షాపులో పవర్ చూపించి ఊరుకుంటే సరిపోదు, డాక్టరే చూడాలి. మీరు రాసినదాన్ని బట్టి బాబు కన్ను మళ్లీ నిటారుగా నిలబడే అవకాశం చాలా బాగుంది, ఆ ధైర్యంతోనే బయలుదేరండి. ఎందుకు తిరిగిందో తేల్చుకోవడం మాత్రం అన్నిటికంటే ముందు జరగాలి. పసితనం నుంచి ఉన్న మెల్ల వేరు. ఎదిగిన పిల్లల్లో, పెద్దవాళ్లలో ఒక్కరోజులో వచ్చిపడ్డ మెల్ల వేరు. రెండోదాన్ని మేము కంటి డాక్టర్లం లోపల ఇంకేదో జరుగుతోందనే సూచనగానే మొదట చూస్తాం.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వారం కూడా ఆగొద్దు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లిపోండి. పొద్దున లేవగానే తలనొప్పి, దాంతోపాటు వాంతి. నడిచేటప్పుడు తూలడం, చేతిలో వస్తువులు జారిపోవడం. రోజుల తరబడి విడవని జ్వరం, మెడ బిగుసుకుపోవడం, మగతగా పడుకుని ఉండటం. కన్ను తిరగడంతోపాటు రెప్ప వాలిపోవడం.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఇంట్లోనే మీరు చూడగలిగినవి మూడున్నాయి. చూసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, డాక్టరుకు బాగా పనికొస్తుంది.

బాబును వాకిట్లో నిలబెట్టి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూడమనండి. రెండు స్తంభాలు కనబడుతున్నాయంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఒక్కో కన్ను అరచేత్తో మూయమనండి. ఏ కన్ను మూసినా ఒకటే కనబడితే రెండు కళ్లు ఒకే చోట కుదరడం లేదని అర్థం. ఒక కన్ను మూసినా ఇంకా రెండే కనబడుతుంటే అది మెల్ల వల్ల వచ్చిన ఇబ్బంది కాదు. పవర్‌లోనో, నల్లగుడ్డులోనో, లోపలి లెన్సులోనో తేడా ఉండొచ్చు.

తర్వాత తల కదపకుండా మీ వేలిని కళ్లతోనే వెంబడించమనండి. వేలిని మెల్లగా అతని ఎడమ చివరికి తీసుకెళ్లండి. ఎడమ కంటి నల్లగుడ్డు బయటి మూల దాకా పూర్తిగా వెళ్లిందా? వెళ్లకుండా మూలన తెల్లగుడ్డు సన్నటి చీలికలా మిగిలిపోతే, కన్నును బయటికి లాగే కండరానికి బలం చాలడం లేదన్నమాట. అలాంటి పిల్లలు టీవీ చూసేటప్పుడు మొహాన్ని ఎడమకు తిప్పి పెట్టుకుంటారు. అలా తిప్పితే వాళ్లకు రెండు బొమ్మలు ఒకటవుతాయి. ఎవరూ నేర్పకుండానే తల ఆ సర్దుబాటు చేసుకుంటుంది.

మూడోది పాత ఫోటోలు. ఫ్లాష్ వేసి తీసినవి వెతకండి, పెళ్లిళ్లవీ పుట్టినరోజులవీ. రెండు నల్లగుడ్లలోనూ చిన్న తెల్లటి మెరుపు చుక్క ఉంటుంది. అది రెండింటిలోనూ ఒకే చోట ఉంటే అప్పటికి కళ్లు తిన్నగానే ఉన్నాయి. ఒకదాంట్లో చుక్క బయటి అంచు వైపు జరిగి ఉంటే కన్ను అప్పటికే కొంచెం లోపలికి ఉండి, ఇప్పుడు బయటపడిందేమో అనుకోవాలి. ‘ఎప్పటి నుంచి?’ అన్న ప్రశ్నకు ఇంట్లో తలా ఒక జవాబు చెబుతారు. ఫోటోలో చుక్క మాత్రం ఒకే జవాబు చెబుతుంది.

ఇప్పుడు ఎందుకు తిరుగుతుందో చెబుతాను. ఒక్కో కంటికి ఆరు కండరాలు. వాటిలో ఒకటి కన్నును ముక్కు వైపుకు, ఒకటి చెవి వైపుకు లాగుతాయి. ఎడ్లబండికి రెండు ఎడ్లూ సమానంగా లాగినంతసేపే బండి తిన్నగా పోతుంది. కన్ను లోపలికి తిరిగిందంటే బయటికి లాగేది నీరసించిందన్నా అనుకోవాలి, లోపలికి లాగేది బిగుసుకుందన్నా అనుకోవాలి.

బయటికి లాగే కండరాన్ని నడిపేది ఆరో నరం. అది మెదడు అడుగు భాగం నుంచి బయలుదేరి పుర్రె ఎముక మీదుగా చాలా దూరం పాకి కంటిని చేరుతుంది. దారి పొడుగు కాబట్టి తలలో ఎక్కడ ఒత్తిడి పెరిగినా అది నలగొచ్చు. మెదడులో గడ్డ, మెదడు లోపల నీరు నిలవడం, మన దగ్గర ఇంకా పోని టీబీ మెనింజైటిస్ (టీబీ వల్ల మెదడు పొరలకు వచ్చే వాపు), బండి మీద నుంచి పడి తలకు తగిలిన దెబ్బ, ఇవన్నీ ఈ దారిలోనే కన్నును తిప్పుతాయి. పిల్లల్లో మామూలు వైరల్ జ్వరం తగ్గిన వారం పది రోజులకు కూడా ఈ నరం నీరసపడి, కొన్ని వారాల నుంచి నెలల్లో దానంతటదే కోలుకోవడం ఉంది. అయితే అది అదేనని తేల్చడానికి కూడా డాక్టరే కావాలి. పెద్దవాళ్లలో షుగర్, బీపీ వల్ల ఇదే నరం దెబ్బతింటుంది, చాలామందికి మూడు నెలల్లో తగ్గిపోతుంది. అంటే మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఎవరికైనా ఇలా జరిగితే ఆ రోజే షుగర్, బీపీ చూపించాలి. సాయంత్రానికి కన్ను ఎక్కువ తిరిగి, రెప్ప వాలి, పొద్దున లేచేసరికి బాగుంటే మయస్థీనియా అనే కండరాల జబ్బును అనుమానిస్తాం.

మీ బాబు కన్ను అన్ని వైపులకూ నిండుగా కదులుతుంటే మాత్రం అది వేరే రకం. ఎటు చూసినా మెల్ల ఒకేలా ఉంటుంది, నరంలో బలహీనత కనిపించదు. ఇందులో ఒక కారణం దగ్గరి పని. దగ్గరి వస్తువును చూసినప్పుడల్లా మన రెండు కళ్లూ లోపలికి వంగుతాయి, అది సహజం. ఫోన్‌ను జానెడు దూరంలో పెట్టుకుని, పడుకుని, గంటల తరబడి చూస్తే లోపలికి లాగే కండరాలు వదులు కావడం మరిచిపోతాయి. దగ్గరలో ఫోన్ ఒకటే కనబడుతుంది, ఎందుకంటే అక్కడ కళ్లు వంగే ఉండాలి. దూరంగా బస్సును చూడాలంటే కళ్లు విచ్చుకోవాలి, అది కుదరక రెండు బస్సులవుతాయి. మీ బాబు చెప్పింది అచ్చం ఇదే.

2016లో దక్షిణ కొరియా డాక్టర్లు ఇలాంటి 12 మంది పిల్లల గురించి రాశారు. వయసు 7 నుంచి 16 ఏళ్లు, రోజుకు 4 గంటలకు పైగా ఫోన్, అదీ నెలల తరబడి. ఫోన్ తగ్గించాక మెల్ల తగ్గింది, కొందరికి ఆ తర్వాత కూడా ఆపరేషన్ అవసరమైంది. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఫోన్‌లో క్లాసులు విన్న పిల్లల్లో మన దేశంలోనూ ఇలాంటివి కనిపించాయి. ఫోన్ ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. బీల్షోవ్‌స్కీ అనే జర్మన్ కంటి వైద్యుడు సెల్‌ఫోన్లు లేని కాలంలోనే ఈ జబ్బును వర్ణించాడు. మైనస్ పవర్ ఉండి కళ్లజోడు పెట్టుకోకుండా పుస్తకాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివే వాళ్లలో ఆయన దీన్ని చూశాడు. అందుకే బాబుకు మైనస్ పవర్ ఉందేమో తప్పకుండా చూపించాలి. పవర్ ఉన్న సంగతి తెలియక ఫోన్‌ను దగ్గరికి లాక్కుంటున్నాడేమో.

ఇక మీ పెద్ద భయం, స్కానింగ్. ఫోన్ వల్లే అని మనమంతట మనం తీర్పు చెప్పేసుకుని స్కానింగ్ వదిలేయడం నాకు సమ్మతం కాదు. డెన్మార్క్‌లో ఇలా హఠాత్తుగా మెల్ల వచ్చిన 48 మంది పిల్లలను పరిశీలించి 2015లో ఒక వ్యాసం వచ్చింది. వారిలో ముగ్గురికి మెదడులో జబ్బు ఉంది. అంటే 45 మందికి లేదు, ముందు ఆ మాట పట్టుకోండి. కానీ ఎవరి విషయంలో జాగ్రత్త పడాలో కూడా వాళ్లు చెప్పారు. ఆరేళ్లు దాటాక వచ్చినవాళ్లు, దగ్గర కంటే దూరం చూసినప్పుడు మెల్ల ఎక్కువగా ఉన్నవాళ్లు, తగ్గి మళ్లీ వచ్చినవాళ్లు, నరాల లక్షణాలు ఉన్నవాళ్లు. మీ బాబుకు వీటిలో మొదటి రెండూ ఉన్నాయి. కాబట్టి డాక్టరు ఎంఆర్‌ఐ స్కానింగ్ అంటే వెనకాడకండి. అందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. గొట్టంలాంటి మిషన్‌లో అరగంట, ముప్పావుగంట కదలకుండా పడుకోవాలి, డబడబమని చప్పుడు వస్తుంది, అంతే. 14 ఏళ్ల పిల్లాడికి ముందే చెబితే పడుకుంటాడు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఒక పిల్లాడు. చాలా ఏళ్ల కింద అచ్చంపేట వైపు నుంచి వచ్చాడు, పదేళ్లుంటాయి. కన్ను తిరిగి నాలుగు నెలలు. పొద్దున్నే వాంతులవుతుంటే పైత్యమని నిమ్మకాయ నీళ్లు పట్టారు. కన్ను సంగతి అదృష్టమని ఎవరూ పట్టించుకోలేదు. చుక్కల మందు వేసి లోపల చూశాను. కంటి నరం తల నిండు చందమామ అంచులా గీసినట్టు కనిపించాలి. ఆ పిల్లాడిలో అంచే లేదు, ఉబ్బి, చుట్టూ మసకగా కలిసిపోయి ఉంది. తలలో ఒత్తిడి పెరిగినప్పుడు అలా ఉంటుంది. ఆ సాయంత్రమే హైదరాబాద్ పంపించాం. మెదడుకు ఆపరేషన్ అయింది, పిల్లాడు బతికాడు, కానీ చూపు సగమే మిగిలింది. రెండు నెలల ముందు వచ్చి ఉంటే మిగతా సగం కూడా దక్కేదేమోనని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే అడుగుతున్నాను, చుక్కల మందు వేసి కంటి లోపల చూడకుండా ఏ డాక్టరు మిమ్మల్ని పంపించినా, ‘లోపల నరం చూశారా సార్?’ అని మీరే అడగండి.

కారణం తేలాక వైద్యం దాన్ని బట్టి నడుస్తుంది. తలలో ఏదైనా ఉంటే ముందు దానికి, తర్వాతే కంటికి. అలాంటిదేమీ లేకపోతే చుక్కల మందు వేసి అసలు పవర్ తేల్చి కళ్లజోడు ఇస్తారు. ఫోన్ దాదాపు బంద్ చేయాలి. చదువు పుస్తకమైనా మోచేయి పొడుగు దూరంలో పట్టుకోవాలి. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా చెట్లను చూడాలి. మీకు తోట ఉంది కదా, పొద్దున సాయంత్రం నీళ్లు పెట్టడానికి వెంట తీసుకెళ్లండి. ఎండాకాలం సెలవుల్లో కళ్లకు అంతకన్నా మంచి విశ్రాంతి లేదు.

రెండు బొమ్మల బాధ తగ్గడానికి ప్రిజం అద్దం ఇస్తారు. అది తిరిగిన కన్ను ఎక్కడ చూస్తోందో అక్కడికే బొమ్మను జరిపి పెడుతుంది. మొదట్లో మెల్ల ఎక్కువ తక్కువ అవుతుంటుంది కాబట్టి మామూలు కళ్లజోడుకే అంటించే పల్చటి ప్లాస్టిక్ ప్రిజం రేకు వాడతారు, అవసరాన్ని బట్టి మార్చేయొచ్చు. కొన్ని చోట్ల లోపలికి లాగే కండరంలో బొటాక్స్ సూది వేస్తారు. రెండు మూడు రోజుల్లో కండరం వదులవుతుంది, మూడు నెలలు అలా ఉంటుంది. ఆ వ్యవధిలో రెండు కళ్లూ కలిసి చూడటం మళ్లీ అలవాటైతే, మందు ప్రభావం పోయాక కూడా కొందరికి కన్ను నిలబడుతుంది. సూది వేశాక కొన్ని వారాలు రెప్ప వాలొచ్చు, అది తాత్కాలికమే.

ఇవన్నీ చేసినా మెల్ల మిగిలి, కొన్ని నెలలుగా పెరగకుండా తగ్గకుండా ఒకేలా ఉంటే అప్పుడు ఆపరేషన్. చూపు పోతుందన్న భయం ఊళ్లలో ఎక్కువ. కనుగుడ్డును బయటికి తీసి మళ్లీ పెడతారని కూడా అనుకుంటారు. అలా ఏమీ చేయరు. తెల్లగుడ్డు పైన ఉన్న పల్చటి పొరను కొంచెం తెరిచి, బిగుసుకున్న కండరాన్ని కాస్త వెనక్కి జరిపి కుడతారు, లేదంటే రెండో కండరాన్ని కొంచెం కురచ చేస్తారు. కంటి లోపలికి, చూసే భాగానికి చేయి పోదు. చూపుకు ప్రమాదం చాలా అరుదు. రెండు మూడు వారాలు కన్ను ఎర్రగా ఉంటుంది. కొందరికి ఇంకోసారి సరిచేయాల్సి రావొచ్చు, ఆ మాట ముందే తెలిసి ఉండటం మంచిది. మీ బాబు లాంటి వాళ్లకు ఫలితం బాగుంటుందని నేను ఆశపడటానికి కారణం ఉంది. పద్నాలుగేళ్లు రెండు కళ్లతో కలిపి చూసిన మెదడు అది. రెండు బస్సులు కనబడటం బాబుకు కష్టమే, కానీ రెండు కళ్లూ ఇంకా పని చేస్తున్నాయనడానికి అదే గుర్తు. కళ్లను మళ్లీ ఒక చోటికి తెస్తే మెదడు వాటిని కలిపేసుకుంటుంది.

మీ ఆయన చెప్పిన ఫ్లోరైడ్ సంగతి. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీళ్లు ఎంతమంది నడుములు వంచాయో నేను కళ్లారా చూశాను, ఆయన అనుమానం ఊరికే వచ్చింది కాదు. కానీ ఫ్లోరైడ్ పట్టేది పళ్లను, ఎముకలను. పిల్లాడి కన్ను ఒక్కరోజులో తిరగడానికి దాన్ని కారణంగా చూడలేం. నరాల బలహీనతకిచ్చిన బిళ్లలు అయిపోయేదాకా ఆగాల్సిన పని లేదు. పెన్సిల్ మొనను ముక్కు దాకా తెచ్చుకునే వ్యాయామం ఎవరైనా చెబితే చేయించకండి. అది కళ్లు బయటికి పోయేవాళ్లకు, దగ్గరికి వంగలేని వాళ్లకు. మీ బాబు కళ్లు ఇప్పటికే ఎక్కువ వంగుతున్నాయి. అదృష్టం మాట అత్తమ్మగారు ప్రేమతోనే అని ఉంటారు. ఆమెను కూడా ఆసుపత్రికి తోడు తీసుకెళ్లండి, డాక్టరు నోట వింటే నమ్ముతారు.

ఇక మీ ఆడబిడ్డ కూతురు. ఆఖర్న రాశారు గానీ నాకు అది చిన్న విషయంగా అనిపించలేదు. రెండేళ్ల పిల్ల కన్ను తిరిగినా రెండు కనబడుతున్నాయని చెప్పలేదు. పైగా అంత చిన్న వయసులో మెదడు తిరిగిన కంటి బొమ్మను తోసేసి ఒక్క కన్నుతోనే చూడటం నేర్చుకుంటుంది. అలా వదిలేస్తే ఆ కంటి చూపు మొద్దుబారుతుంది, ఏడెనిమిదేళ్లు దాటాక దాన్ని తిరిగి తేవడం కష్టం. ‘పెద్దయితే పోతుంది’ అన్న మాటతో మనం పోగొట్టుకునేది ఈ సమయాన్నే. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పసిపిల్లల్లో మెల్ల లేకపోయినా ఉన్నట్టు కనిపించడం నిజమే. కానీ అన్నం పళ్లెం చూసేటప్పుడు కన్ను లోపలికి పోతోందని రాశారు, అంటే దగ్గరి చూపుకు కష్టపడుతోందేమో. ప్లస్ పవర్ ఎక్కువున్న పిల్లల్లో రెండు మూడేళ్లప్పుడు మొదలయ్యే మెల్ల ఇలాగే ఉంటుంది. మొదట అప్పుడప్పుడు, తర్వాత ఎప్పుడూ. అసలు పవర్ తేల్చడానికి మూడు రోజులు కంట్లో అట్రోపిన్ మందు పెట్టి రమ్మంటారు. కంటిపాప పెద్దదై ఎండకు కళ్లు చికిలిస్తుంది, వారం పది రోజులకు సర్దుకుంటుంది. మందు పెట్టాక మొహం ఎర్రబడి ఒళ్లు కాలితే ఆపేసి డాక్టరుకు చెప్పాలి. చాలామందికి కళ్లజోడుతోనే కన్ను నిలబడుతుంది. జోడు తీసినప్పుడు తిరిగితే అద్దాలు పాడు చేశాయని అనుకోకండి. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా అది మొహం మీదే ఉండాలి.

ఆ పిల్ల ఫోటోల్లో ఒక కంటిపాపలో తెల్లగా, పిల్లి కన్నులా మెరుపు కనబడుతుందేమో ఈ రోజే చూడమనండి. అయిదేళ్లలోపు పిల్లలకు వచ్చే రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కొందరిలో మెల్లకన్నుతోనే బయటపడుతుంది. అరుదైనదే, తొందరగా పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు కన్ను కూడా దక్కుతుంది.

నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, అక్కడ మొదలుపెట్టండి. పిల్లల మెల్లకన్ను నిపుణుడు కావాలంటే హైదరాబాద్‌లో మెహిదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రి సర్కారుదే. బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్‌లోనూ డబ్బు కట్టలేనివాళ్లను ఉచితంగా చూస్తారు. రేషన్ కార్డు, ఇద్దరి ఆధార్ కార్డులు వెంట ఉంచుకుని, ఏది ఆరోగ్యశ్రీలో వస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడగండి. పాత ఫోటోలు, మీరు రాసుకున్న కాగితం, ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్లల అట్ట కూడా పెట్టుకోండి. మందు వేశాక సాయంత్రం దాకా కళ్లు మసకగా ఉంటాయి, కాబట్టి పొద్దుటి బస్సుకే బయలుదేరండి. ఆడబిడ్డకు ఫోన్ చేసి, ఆ పాపను కూడా అదే బస్సులో తీసుకురమ్మనండి.